ఎనిమిది కుడి చెవులు

ఓల్మ్యూట్స్,
12 జనవరి 1874

అన్నయ్యా,

నువ్వు పంపిన సీసా చేరింది. పోస్టాఫీసులో ముసలి ప్రోహాస్కా పార్శిలు వాసన చూసి, "మీ అన్నయ్య వియన్నా సారా పంపినట్టున్నాడే, మాకో చుక్క పొయ్యమ్మా" అన్నాడు. మూత తీసి, సారాలో నానుతున్న చెవి ఎముక చూపించాను. ఇక ఈ జన్మలో నా పార్శిళ్ళ జోలికి రాడు.

నీ చెవుల పుస్తకానికి పదహారో పటం అచ్చురాయి మీదకి ఎక్కించేశాను. నిన్న మా బడిలో కుట్టుపని చెప్పే వాల్‌బుర్గా వచ్చి, "బొమ్మలు గీస్తున్నావన్నారు, అద్దం చూసుకుంటూ కూచున్నావేంటి" అంది. రాయి మీద ఎలా గీస్తే దానికి తిరగబడి అచ్చు పడుతుందనీ, అందుకే బొమ్మని అద్దం ముందు నిలబెట్టి, అద్దంలో కనిపించే తిరగబడ్డ బొమ్మని గీస్తాననీ చెప్పాను. "ఇంత కష్టం ఎవరి చెవి కోసం" అంది. నిజమే, రెండు గంటలు అద్దంలోకి చూస్తే కణతలు పగిలిపోతున్నాయి.

ఒకటి అడుగుతాను, కాదనకు. పటం కింద మూలన ఆవగింజంత అక్షరాలతో నా పేరు వేసుకోనా? రాతి అచ్చు పనివాళ్ళంతా వేసుకుంటారు. ప్రెస్సు యజమాని హ్లాడిక్ గారు కూడా "వేసుకో తల్లీ, నీ చెయ్యే కదా" అన్నారు. ఉపాధ్యాయినుల కళాశాలలో మూడేళ్ళు చదివింది ఆడపిల్లల చేత ద్రాక్షగుత్తులు గీయించడానికేనా అని నాకు రోజూ అనిపిస్తుంది. నీ పుస్తకం పట్టుకుంటేనే అలా అనిపించదు.

నీ చెల్లెలు
పోల్డి

వియన్నా,
20 జనవరి 1874

పోల్డీ,

ఉదయం నుంచి నలభై ముగ్గురు రోగులు. నాన్న గడియారాన్ని అందరి చెవుల పక్కా పెట్టి టిక్కుటిక్కు ఎంత దూరంలో వినబడుతుందో కొలిచి కొలిచి, ఇప్పుడు నాకే ఏమీ వినబడటం లేదు.

పెద్ద కబురు. చెవి వైద్యానికి విడిగా ఆచార్య పదవి ఇస్తున్నారు. ఏప్రిల్‌లో ఎంపిక సంఘం కూర్చుంటుంది, అధ్యక్షుడు మా పెద్ద డాక్టరు, హోఫ్రాట్ బిరుదున్న రీగ్లర్ గారు. పోటీలో ఉన్నది ఇద్దరం, నేనూ పాహరూ. పాహర్‌కి నాలుక ఉంది, నాకు పుస్తకం ఉంది. ఇరవై నాలుగు పటాలూ ఏప్రిల్‌కి బల్ల మీద ఉంటే ఆ కుర్చీ నాది. లేకపోతే నలభై ఏళ్ళు వచ్చినా జీతం లేని పాఠాలు చెప్పుకుంటూ ఉండాలి.

నీ పేరు సంగతి పదవి వచ్చాక చూద్దాం. ముందే ఆడపిల్ల పేరు కనబడితే పెద్దవాళ్ళు ఏదో ఒకటి అంటారు.

మిగిలిన ఎనిమిది పటాలకూ మూల చిత్రాలు ఇక్కడే వేయిస్తున్నాను. హోఫ్రాట్ గారి అమ్మాయి ఒటీలియా రోజూ ఆసుపత్రికి వస్తుంది. వెండి గరాటులోంచి రోగి చెవిలోకి తనే చూసి, అక్కడికక్కడే రంగులు వేస్తుంది. నువ్వు నా ముతక గీతలు చూసి, సీసాలో ఎముక చూసి ఊహించుకోనక్కర్లేదు. రాయి మీదకి ఎక్కిస్తే చాలు. నీకూ పని తగ్గుతుంది.

ఆలోయిస్

ఓల్మ్యూట్స్,
27 జనవరి

అన్నయ్యా,

పని తగ్గుతుందని రాశావు. ఎంత దయ.

రెండేళ్ళ కిందట నేను వియన్నా వచ్చినప్పుడు ఒక చాకలామె చెవి చూపించావు, గుర్తుందా? నీ నుదుటి అద్దం మీద ఎండ పడి, గరాటు చివర ఆ కర్ణభేరి ముత్యం లోపలి పొరలా మెరిసింది. పది లెక్కపెట్టేంత సేపు చూశానో లేదో, "చాల్లే, జనం ఏమనుకుంటారు" అని నన్ను లాగేశావు. ఆ పది అంకెల మీదే పదహారు పటాలు గీశాను. ఒటీలియా రోజూ వచ్చి కూర్చుంటుంటే ఇప్పుడు జనం ఏమీ అనుకోవడం లేదా? హోఫ్రాట్ కూతురైతే వాళ్ళకి కూడా ఆలోచించే పని తగ్గుతుందేమో.

వదినగారూ అని ఇప్పటి నుంచే మొదలుపెట్టనా, లేక ఉంగరం తొడిగేదాకా ఆగనా?

జున్ను పంపుతున్నాను. మన ఊరి జున్ను వాసన ఆవిడకి పడకపోతే నువ్వే తిను.

పోల్డి

వియన్నా,
9 ఫిబ్రవరి

పోల్డీ,

జున్ను చేరిన సంగతి నేను మెట్లెక్కక ముందే తెలిసింది. ఇంటావిడ దాన్ని కిటికీ అవతల పెట్టి, "డాక్టరు గారూ, ఇది ఇంకోసారి వస్తే మీరు కూడా అక్కడే ఉంటారు" అంది.

చిత్రాలు పంపుతున్నాను. ఎనిమిదీ కుడి చెవులే. లోపల ఒటీలియా నీకొక చీటీ పెట్టింది. పని గురించే, చదువు. అద్దంలో చూసి చూసి నీకు తలనొప్పి వస్తుందని ఆమెకి చెప్పాను. చాలా బాధపడింది.

వదినలూ ఉంగరాలూ అంటూ ఇప్పుడు కూర్చోకు. ఏప్రిల్ దాటనీ. ఆ తరవాత అన్నీ వాటంతట అవే కుదురుతాయి.

ఆలోయిస్

ఓల్మ్యూట్స్,
3 మార్చి

ప్రియమైన అన్నయ్యకు,

చిత్రాలు అందాయి. చీటీ కూడా అందింది. నా తలనొప్పి మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పనికొచ్చినందుకు సంతోషం. తీరిక దొరికితే నా చిన్నప్పటి గజ్జి గురించి కూడా చెప్పు. ఇంకా బాధపడుతుంది.

ఎనిమిది రాళ్ళూ పూర్తయ్యాయి. ఒటీలియా గారు ఎలా వేశారో వెంట్రుకవాసి తేడా లేకుండా అలాగే అచ్చులో పడేట్టు దించాను. నా తెలివి ఎక్కడా కలపలేదు. నువ్వు కోరింది అదే కదా. ఆవిడ చిత్రాలూ, ప్రూఫులూ జత చేశాను. చూసుకుని సంతకం పెట్టి పంపితే హ్లాడిక్ గారు మూడు వందల ప్రతులు తీస్తారు.

ఇక్కడ మంచు కరుగుతోంది. వీధుల నిండా బురద.

లియోపోల్డీనా వెస్సెలీ

వియన్నా,
14 మార్చి

బంగారు తల్లీ,

నీ ఉత్తరంలో చలి ఇంకా తగ్గలేదు గానీ, నీ ప్రూఫులు చూసి అదంతా మరిచిపోయాను. బల్ల మీద ఒక పక్క చిత్రాలు పరిచాను, ఒక పక్క ప్రూఫులు. కవల పిల్లలే. ఏది ఏదో నాకే తెలియలేదు. ఒక్క ఊపులో ఎనిమిదింటికీ సంతకం పెట్టేశాను. ఒటీలియాకి కూడా చూపిద్దామనుకున్నాను గానీ, పిన్నిని చూడటానికి గ్రాట్స్ వెళ్ళింది, ఈస్టర్ దాకా రాదు. ఎవరూ చూడనక్కర్లేదు కూడా.

పాహర్ నిన్న వరండాలో ఆపి, "పుస్తకం ఎక్కడిదాకా వచ్చింది" అన్నాడు. "అచ్చుకి వెళ్ళింది" అన్నాను. వాడి మొహం నువ్వు చూసి ఉండాల్సింది. నేను మధ్యాహ్నం రెండు పళ్ళేల పంది మాంసం తిన్నాను.

ఆలోయిస్

వియన్నా,
21 ఏప్రిల్

పోల్డీ,

నిన్న సంఘం కూర్చుంది, పోటీలో ఉన్న మా ఇద్దరినీ లోపలికి పిలిచారు. పుస్తకం చేతులు మారింది. పదహారు పటాల దాకా అందరూ తలలు ఊపారు. పదిహేడో పటం దగ్గర పాహర్ ఆగాడు. పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పాడు. పేజీ తిప్పి ఇంకోటి చూశాడు, ఇంకోటి చూశాడు. తరవాత చాలా మర్యాదగా అడిగాడు: "డాక్టర్ వెస్సెలీ గారి రోగులకి రెండు వైపులా ఎడమ చెవులే ఉంటాయా?"

ఎనిమిదీ తిరగబడ్డాయి. కుడి చెవిలో కర్ణభేరి మీద వెలుగు తునక గడియారంలో ఐదు గంటల చోట పడుతుంది, ఎడమ చెవిలో ఏడు గంటల చోట. మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. కింద 'కుడి చెవి' అని రాసి ఉంది, పైన వెలుగు ఏడు దగ్గర ఉంది. ఆ నవ్వులు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. నా రెండు ఎడమ చెవుల్లో.

ఎలా జరిగిందో తరవాత ఒటీలియాని అడిగాక అర్థమైంది. ఒటీలియా చిత్రాలు వేసేటప్పుడే తిరగేసి వేసింది. నీకోసమే. నువ్వు అద్దం లేకుండా నేరుగా రాయి మీదకి దించుకుంటావని, అప్పుడు అచ్చు సరిగ్గా పడుతుందని. చీటీలో అదే రాసింది. నేనేమో బుద్ధిలేనివాడిలా, చిత్రమూ ప్రూఫూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాల్సింది పోయి కవల పిల్లల్లా ఉన్నాయని మురిసిపోయి సంతకం పెట్టాను. నెల రోజులు ఆ తిరగబడ్డ చిత్రాలే చూసి చూసి నా కళ్ళు వాటికి అలవాటు పడిపోయాయి.

కానీ చీటీ నీకు అందిందన్నావు. మరి ఏమైంది?

నిన్న అందరూ నా వైపే చూస్తుంటే నోటికొచ్చింది చెప్పాను: చిత్రాలు వేసిన ఒటీలియా ఆడపిల్ల, కుడీ ఎడమా తికమకపడిందని. సంఘం మళ్ళీ మే నాలుగున కూర్చుంటుంది. వెంటనే రాయి.

ఆలోయిస్

ఓల్మ్యూట్స్,
24 ఏప్రిల్

అన్నయ్యా,

చీటీ చదవలేదు. నీ ఉత్తరం చూశాక ఇప్పుడే కవరు చింపాను. గుండ్రటి దస్తూరి, ఒక్క కొట్టివేత లేదు. "మీకు అద్దం వల్ల తలనొప్పి అని డాక్టరు గారు చెప్పారు. అందుకని నేనే తిరగేసి వేశాను. మీరు నేరుగా దించుకోవచ్చు. మీ మొదటి పదహారు పటాలు చూసే నేను ముత్యం రంగు కలపడం నేర్చుకున్నాను. కింద మీ పేరు ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు" అని రాసింది.

ఇంతటితో ఆపితే బాగుండేది. చీటీ చదవకపోవడం నిర్లక్ష్యం, దానికి క్షమాపణ చెప్పుకోవచ్చు. కానీ అది కాదు జరిగింది. వెలుగు ఏడు దగ్గర ఉందని నేను ఫిబ్రవరిలోనే చూశాను. ఎనిమిదింటిలోనూ చూశాను. హోఫ్రాట్ కూతురికి కుడి చెవేదో ఎడమ చెవేదో తెలియదనుకున్నాను. ఆ రోజు బడి నుంచి వస్తూ పాట పాడుకున్నాను. నీకో ముక్క రాసి ఉండొచ్చు. అద్దం తీసేసి గీసినా సరిపోయేది. అలా చేయకుండా, అద్దం ఇంకా శుభ్రంగా తుడుచుకుని, ఆవిడ తప్పు ఆవిడ తప్పులాగే మూడు వందల ప్రతుల్లో పడేట్టు జాగ్రత్తగా దించాను. అది నీ పుస్తకమని ఆ క్షణంలో తట్టలేదని రాద్దామనుకున్నాను. తట్టింది.

ఈ ఉత్తరం తీసుకెళ్ళి సంఘానికి చూపించు. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు.

పోల్డి

వియన్నా,
29 ఏప్రిల్

పోల్డీ,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పడేశాను. నువ్వు కూడా మరిచిపో. ఇంకెవరికీ చెప్పకు.

ఇక్కడ పరిస్థితి మనం అనుకున్నంత చెడ్డగా లేదు. తప్పు తన కూతురిదని హోఫ్రాట్ గారు సిగ్గుపడుతున్నారు. సిగ్గుపడేవాడు మెత్తబడతాడు. సంఘంలో ఇద్దరు నా వైపు వచ్చేశారు. ఒటీలియా చీటీ సంగతి తండ్రికి చెప్పిందట, ఆయన నన్ను అడిగారు. "మా చెల్లెలికి అలాంటిదేమీ అందలేదండీ" అన్నాను. చదవనిది అందనట్టే కదా.

ఆ అమ్మాయికి జూరిచ్ వెళ్ళి వైద్యం చదవాలని ఉండేదట. అక్కడ ఆడవాళ్ళని చేర్చుకుంటున్నారు. తండ్రి సగం ఒప్పుకుని ఉన్నాడు, ఇప్పుడు కుదరదన్నాడు. కుడీ ఎడమా తెలియనిదానికి వైద్యమేమిటని. పోనీలే, పెళ్ళయితే సర్దుకుంటుంది.

ఎనిమిది పటాలూ మళ్ళీ నువ్వే గియ్యి. నీ పేరు కూడా వేద్దాం. ఇంతకాలం ఎందుకు వెయ్యలేదో అన్నీ చెప్పుకుంటున్న వేళ అది కూడా చెప్తాను. కిందటి ఏడు వైద్యుల సభలో నీ మొదటి పటాలు చూపించినప్పుడు అందరూ "ఎవరి చెయ్యి ఇది" అని అడిగారు. చెవిలోకి చూసిన కన్ను ఎవరిదని ఒక్కడూ అడగలేదు. ఆ రోజు భోజనం సహించలేదు నాకు. మిగిలిన ఎనిమిదీ నీ చేతిలోంచి తప్పించింది అందుకే. ఒటీలియా గురించి నువ్వు పడ్డ మంట నాకు కొత్తేమీ కాదు. నీ గురించి నేనూ పడ్డాను. లెక్క సరిపోయింది, ఇక వదిలెయ్.

ఆలోయిస్

వియన్నా,
2 మే, సాయంత్రం

అన్నయ్యా,

తేదీ పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. నీ ఇంటికి నాలుగు వీధుల అవతల, హోఫ్రాట్ రీగ్లర్ గారి ముందుగదిలో కూర్చుని ఇది రాస్తున్నాను.

పొద్దుటి రైలుకి వచ్చాను. తలుపు తీసింది ఒటీలియానే. మోచేతి దాకా నీలం రంగు. నా పేరు చెప్పగానే, "అయ్యో, మీకు తలనొప్పి తగ్గిందా" అంది. మెట్ల మీదే తిరిగి వెళ్ళిపోదామనిపించింది.

ముందు ఆమెకి చెప్పాను. చేతుల రంగు గుడ్డతో తుడుచుకుంది. తరవాత, "నాకు ఎడమా కుడీ తెలియవని మీరు నిజంగానే అనుకున్నారా, అనుకోవాలని ఉండి అనుకున్నారా?" అంది. రెండోదే అన్నాను. "అయితే నయం" అంది. ఎందుకు నయమో నాకు తెలియలేదు.

తండ్రి భోజనం ముగించి వచ్చాడు. ఆయనకి ఒక చెవి సరిగా వినబడదని నీకు తెలుసా? ఎవరికీ చెప్పనివ్వడట. నా తప్పంతా చెప్పాను. "ఏమిటీ" అన్నాడు. గొంతు పెంచి మళ్ళీ చెప్పాను. "చీటీ ఎవరికి అందలేదూ" అన్నాడు. మూడోసారి అరిచినట్టు చెప్పాను: "అందింది, నేనే చదవలేదు, అసూయతో తెలిసే చేశాను." వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ చీటీ, కవరూ ఆయన చేతిలో పెట్టాను. కవరు మీద కూతురు వేసిన ఫిబ్రవరి తేదీ చాలాసేపు చూశాడు.

"మరి మీ అన్నయ్య అందలేదన్నాడే" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆ మాట అన్నది నువ్వు, దానికి జవాబు నువ్వే చెప్పాలి. ఎల్లుండి సంఘంలో ఆయన నిన్ను అదే అడుగుతాడు. ఏం చెప్పమని నేను అడగను. ముందుగా తెలియాలని మాత్రం రాస్తున్నాను. ఈ ఉత్తరం వాళ్ళ పనిమనిషి చేత పంపుతున్నాను.

నిన్ను పెళ్ళి చేసుకునే సంగతి ఒటీలియాని అడిగాను. "మీ అన్నయ్యనా?" అని నవ్వింది. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. నీకు ఎవరూ ఏమీ మాట ఇవ్వలేదు అన్నయ్యా. మనిద్దరమే అనుకున్నాం, నువ్వు ఆశతో, నేను కోపంతో. పొగడ్త వచ్చినప్పుడు ఆడపిల్ల పేరు అక్కర్లేకపోయింది, తప్పు వచ్చినప్పుడు కావలసివచ్చింది. అది కూడా మనిద్దరం కలిసి చేసిందే.

కాఫీ ఇచ్చింది. బాగుంది. అదీ బాధగానే ఉంది.

పోల్డి

వియన్నా,
5 మే

పోల్డీ,

నిన్న రాత్రి నీకు రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. ఆ తిట్లు నీకు ఇప్పటికే తెలుసు కనుక వదిలేస్తున్నాను.

హోఫ్రాట్ గారు అందరి ముందూ అడిగారు: "చీటీ అందిందా, అందలేదా?" అబద్ధం నాలుక చివరే ఉంది. ఆయన మంచి చెవి నా వైపు తిప్పి కూర్చున్నారు. అందిందన్నాను. ప్రూఫుల మీద సంతకం నాదన్నాను. చిత్రకారిణి చేసింది సరైన పనే, చూడాల్సిన కళ్ళు నావే, అవే చూడలేదన్నాను. చెప్పేశాక కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు.

పదవి పాహర్‌కి వెళ్ళింది. బయటికొస్తూ వాడు నా భుజం తట్టాడు. నవ్వి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నేను నా పాత గదిలోనే నా పాత రోగులతోనే ఉంటాను. ఒటీలియా అక్టోబరులో జూరిచ్ వెళ్తుందని హోఫ్రాట్ గారు వరండాలో అన్నారు, నన్ను చూసి కాదు, గోడని చూసి.

పుస్తకం మాత్రం ఆగకూడదు. ఎనిమిది రాళ్ళూ అరగదీయించి మళ్ళీ గీయాలి. ఎవరు వేస్తారో, ఎవరు గీస్తారో నువ్వే చెప్పు. అడిగే మొహం నాకు లేదు.

ఆలోయిస్

ఓల్మ్యూట్స్,
12 మే

అన్నయ్యా,

ఒటీలియా వేస్తుంది. నేను రాయి మీద గీస్తాను. జూరిచ్ వెళ్ళేలోగా ఎనిమిదీ ఇస్తానని నిన్న రాసింది. ఈసారి తిరగేయొద్దని చెప్పాను. మామూలుగానే వెయ్యమన్నాను. అద్దం నా పని, తలనొప్పి కూడా నాదే.

నీకు కుర్చీ పోయింది నా వల్ల. అది నువ్వు ఎప్పటికీ మరవవు, మరవమని అడగను. మనిద్దరం ఒకరి మీద ఒకరం ఇలా మండుతూనే ఇంకో పుస్తకం కూడా చేస్తామేమో, ఎవరు చెప్పగలరు.

అయితే నీకు ఒప్పుకోవాల్సిన తప్పుల్లో ఒకటి రాయకుండా మిగిలిపోయింది. ఫిబ్రవరిలో ఆ పార్శిలు విప్పినప్పుడు నేను ముందు చూసింది వెలుగు ఎక్కడ పడిందని కాదు. మొదటి చిత్రం చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆ పొర ఊపిరి పీలుస్తున్నట్టుంది. దాని వెనక చీకటి ఎంత లోతుందో కూడా కనబడింది. నేను పదహారు పటాల్లో ఒక్కసారి కూడా అలా వెయ్యలేకపోయాను. ఆ అమ్మాయి చెయ్యి నా చేతికన్నా మంచిది. అది నాకు ఆ నిమిషమే తెలిసిపోయింది. ఇంకా కాసేపు చూస్తే గానీ ఏడు గంటల చోట వెలుగు కనబడలేదు. కనబడ్డాక కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను, అంత సంతోషం వేసింది.

పోల్డి